గిలకలదిండిలో గెలుచుకున్న వెదురు సూది

గుడివాడలో నేను నూలుతాడుతో కూరగాయల సంచులు అల్లుతుంటాను. కుట్లు, అల్లికలు, బొమ్మలు వేసేవాళ్ళం కొందరం నెలకోసారి కలుస్తాం. పోయినసారి ఎవరికి ప్రాణమైన పనిముట్టు వాళ్ళు తెచ్చారు. ఒకావిడ జపాన్ కత్తెర, ఇంకొకావిడ జర్మనీ కలం. నేను బజార్లో కొన్న ప్లాస్టిక్ వలసూది తీశాను. "మనవైపు ఇలాంటి మంచి వస్తువులు చేసేవాళ్ళేరీ?" అని కత్తెరావిడ నిట్టూర్చింది. నాకు చురుక్కుమంది. వలలల్లే జాలర్లున్న బందరు పక్కనే పెట్టుకుని ఆ మాట పడతానా? మనవాళ్ళు చేసిన సూది తెచ్చి, దాంతో మీ ముందే అల్లి చూపిస్తానని అనేశాను.

పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాను. గంట, గంటంపావులో బందరు. టికెట్టుకయ్యేది టిఫిను ఖర్చు కన్నా తక్కువే. బస్సులూ ఉన్నాయి గానీ, పెడన మీదుగా కిటికీ పక్కన కూర్చుని పొలాలు చూస్తూ వెళ్ళడం నాకిష్టం. స్టేషన్ దగ్గర ఆటో అతను గిలకలదిండి హార్బరుకు నూటయాభై అడిగాడు.

"చేపల వేలం అయిపోవచ్చిందండీ ఈపాటికి," అన్నాడు.

"చేపలకు కాదండీ, వలసూది కోసం."

"సూది కోసం హార్బరు దాకానా! మా బజార్లో దొరకదేంటండీ?" అని అద్దంలోంచి నన్ను జాలిగా చూశాడు.

వేలం అప్పటికి పలచబడింది. పడవల్లోకి ఐసు దించుతున్నారు. వలసూది సంగతి అడిగితే రేకుల షెడ్డులో ఉన్న ఏడుకొండలు గారిని చూపించారు. ఆయన వల అంచును కాలి బొటనవేలికి తగిలించి లాగిపట్టుకుని చిరుగులు బాగుచేస్తున్నారు. అరవై దాటి ఉంటాయి. ఆయన చేతిలోదే నేను వెతుకుతున్న వస్తువు: జానెడు వెదురు బద్ద. ఒక కొస మొన, రెండో కొస గాడి, మధ్య ఖాళీలో చిన్న నాలుక. దారం నాలుకకు తగిలించి, గాడిలోంచి తిప్పి, సూదిని బోర్లించి మళ్ళీ అటువైపు నాలుకకు తగిలిస్తారు. సూదీ అదే, దారపు కండె కూడా అదే. ఇంత ముచ్చటైన ఆలోచన ఏ దేశపు కలంలో ఉందో చెప్పమనండి.

"ఒకటి అమ్ముతారా మావయ్యగారూ?" అన్నాను.

"నా చేత్తో చెక్కి, గాజుపెంకుతో గీకి నున్నగా చేసుకున్నవమ్మా. అమ్మను," అన్నారాయన. ఆయన గొప్ప ఆయనకుంది. "ఇదిగో, ఈ చిరుగు బాగుచెయ్యి. ముడి నిలిస్తే సూది నీది. మధ్యాహ్నం ఈ వలతోనే పడవ వెళ్ళిపోద్ది మరి."

ఆయన బుట్టలోంచి అన్నిటికన్నా వెడల్పుగా, అందంగా ఉన్న సూది తీసుకున్నాను. వల మొదటి కన్నులోనే ఇరుక్కుపోయింది. నా సంచుల కన్నులు పెద్దవి మరి.

"సొగసు చూసి తీశావు. వల కన్ను చూసి తియ్యాలమ్మా," అని ఆయన పకపకా నవ్వారు.

సన్నది తీసుకుని ఒక వరస పూర్తిచేశాను. ఆయన వలను కాలికి తగిలించి గట్టిగా లాగారు. ముడులన్నీ జారాయి. నూలుకు సరిపోయే నా బిగింపు నున్నటి నైలానుకు చాలలేదు. ఆయన మొహమాటం లేకుండా వరసంతా కోసేశారు. సిగ్గేసింది. అక్కడ గుడివాడలో అన్న మాట కూడా గుర్తొచ్చింది.

"బొటనవేలితో నొక్కిపట్టు. దారం కరిచాకే వదులు," అన్నారు.

మళ్ళీ మొదలుపెట్టాను. ప్రతి ముడినీ నొక్కి, కరిచాకే వదిలాను. వేలు కందిపోయింది. చివరి ముడి పడగానే ఆయన లాగారు. నిలిచింది. పక్కన వల బాగుచేస్తున్న ఇంకొకాయన్ని పిలిచి లాగించారు. నిలిచింది!

"మన బందరు ముడే! తీస్కో," అని సూది నా చేతిలో పెట్టారు.

మా సమావేశంలో జపాన్ కత్తెర పక్కన ఆ సూది పెట్టి, అందరి ముందూ ఒక సంచి అల్లాను. ఆ తర్వాత కత్తెరావిడ సూదిని చేతిలోకి తీసుకుని ఇక కింద పెట్టలేదు. మంచి వస్తువు ఎక్కడినుంచో రానక్కర్లేదు, మన రేవులో మనవాళ్ళ చేతుల్లోనే ఉందని గర్వంగా చెప్పాను. వెళ్ళదలచినవాళ్ళకు ఒక్క మాట: వేలం హడావిడి తగ్గాక, పడవలు కదలకముందే వెళ్ళండి, సూది అమ్ముతారా అని కాదు, ముడి నేర్పుతారా అని అడగండి. నా సూది నా సంచిలో ఉంది. నా ముడులు మాత్రం ఆ మధ్యాహ్నమే సముద్రానికి వెళ్ళాయి.