అరిగిన చెప్పుల శాఖ

నిప్పు రాజేయడం, చక్రం దొర్లించడం, విత్తనం నాటడం. మానవజాతి ప్రస్థానంలో ఇవి మూడు గొప్ప మలుపులని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నాలుగో మలుపు గురించి అవి ఇంకా నోరు విప్పలేదు. ‘వంద చెయ్యి’ అనే బటన్ నొక్కి, కుర్చీలోంచి లేచి, టీ పెట్టుకోవడానికి వెళ్లిపోవడమే ఆ నాలుగోది. ఈ అలవాటు ఏ మహానుభావుడి వేలితో మొదలైందో చెప్పే శాసనాలేవీ దొరకలేదు గానీ, దానివల్ల ఎవరి కొంప మునగబోయిందో మాత్రం నిర్ధారణగా తెలుసు. కొలిమక్క కొంప.

కొలిమక్క అసలు పేరు ఆఫీసు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనబడదు. ఎనభై వేల మంది ఇంటర్నెట్‌లో ఒకే లోకంలో కలిసి ఆడుకునే ఆటను నడిపే కంపెనీలో, మూడో అంతస్తులో, జిరాక్స్ మెషిను పక్క సీటు ఆవిడది. ఆ ఆటలో ఎవరికి నచ్చిన వేషం వాళ్లు కట్టుకోవచ్చు. యోధుడు కావచ్చు, మాంత్రికురాలు కావచ్చు. వేషంతో పాటు ఒక చేతివృత్తి కూడా పట్టవచ్చు: కమ్మరం, కుట్టుపని, మందుల తయారీ, చెప్పులు కుట్టడం. ఇనుము ఎన్ని దెబ్బలకు కత్తి అవుతుందో, ఏ వేరు నూరితే ఏ గాయం మానుతుందో నిర్ణయించేది కొలిమక్కే. ఆరేళ్లుగా ఆవిడకు వేరే పని లేదు. అంతకు ముందు ఒక గైడ్ల కంపెనీలో పరీక్ష ప్రశ్నలు తయారుచేసేది. ఎవరికీ ఇష్టం లేని పనిని ఎవరి చేతైనా చేయించగలదు కాబట్టే ఈ ఉద్యోగం ఇచ్చారని ఆఫీసులో ఒక కథ చెప్పుకుంటారు. నిజానికి అది కథ కాదు, ఇంటర్వ్యూలో ఆవిడ ఇచ్చిన జవాబు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ వృత్తుల్లో చేరినవాళ్లంతా ‘వంద చెయ్యి’ నొక్కి టీకి పోయేవారు. తిరిగొచ్చేసరికి వంద జతల చెప్పులు సిద్ధం. వాటిని ఆటలోని కొట్టువాడు, అంటే కంప్యూటరు, మారు మాట్లాడకుండా మింగేసేవాడు. మళ్లీ వంద. ఆ లోకంలో కాళ్ల కన్నా చెప్పులు ఎక్కువైపోయాయి. వారం తిరగకుండానే చెప్పులు కుట్టేవాడికి విసుగు పుట్టి, వృత్తి మానేసి, కత్తి పట్టుకుని అడవిలోకి పోయేవాడు.

కొలిమక్క చేతులు ముడుచుకు కూర్చోలేదు. మొదటి ఏడాది ప్రతి చెప్పుకీ అయిదు దెబ్బలు వెయ్యాలని నియమం పెట్టింది. వేళ్ల నొప్పులని గోల చేస్తే ఎత్తేసింది. రెండో ఏడాది నల్ల మొసలి తోలు ప్రవేశపెట్టింది. మొసలి దొరకలేదని తిట్టిపోశారు. మూడో ఏడాది, పదివేల జతలు కుట్టినవారికి ‘మహాశిల్పి’ బిరుదు ప్రకటించింది. ముగ్గురు సాధించారు. ముగ్గురూ ఆ సాయంత్రమే ఆట మానేశారు.

చివరికి మేనేజరు గారు ఆవిడ బల్ల దగ్గరికే వచ్చారు. అది మంచి శకునం కాదు.

“చూడండమ్మా, నాకు మీ మీద ఏ కోపమూ లేదు” అన్నారు. ఇది అంతకన్నా చెడ్డ శకునం. “ఒక్క వృత్తిని బాగుచేసి చూపించండి. ఈ నెలాఖరు రోజున దాంట్లో నాలుగు వందల మంది కనిపించాలి. లేదంటే చేతివృత్తులు మొత్తం ఎత్తేద్దాం. ఆ జాగాలో గుర్రప్పందాలు పెడదాం.”

“ఆరేళ్ల పని సార్.”

“గుర్రాలు ఆల్రెడీ వచ్చేశాయమ్మా” అన్నారాయన, నిజంగానే కింద అంతస్తులో కట్టేసినట్టు.

ఆ ఆదివారం కొలిమక్క నోట్‌బుక్ పట్టుకుని బాబాయి దగ్గరికి వెళ్లింది. బస్టాపు వెనక సందులో, రెండు తలుపుల వెడల్పు కొట్లో, బాబాయి ముప్పై ఏళ్లుగా చెప్పులూ బూట్లూ బాగుచేస్తున్నాడు. శ్రమలోని ఆనందం గురించి ఆయన నోట నాలుగు బంగారు ముక్కలు రాలితే ఏరుకుందామని ఆవిడ ఆశ.

“ఇదుగో బాబాయ్, వీడు చెప్పులు కుడతాడు చూడు.”

ఫోనులో గడ్డం మనిషి సుత్తితో ఠకఠకా మూడు దెబ్బలు వేశాడు. జత తయారు.

“జిగురు ఆరొద్దూ?”

“ఆరినట్టే అనుకో.”

“ఈ బటనేంటి?”

“అది నొక్కితే వంద జతలు వాడే కుట్టుకుంటూ పోతాడు. మనం టీ తాగి రావచ్చు.”

బాబాయి కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. “ముప్పై ఏళ్ల నుంచీ దీని కోసమే చూస్తున్నానే అమ్మడూ. నా కొట్టుకి బిగిస్తావా?”

“అయ్యో, అది కాదు బాబాయ్. చేత్తో పనిచేస్తే లోపల ఏదో ఒకటి కలుగుతుంది కదా. అదేంటో చెప్పు.”

“నడుం నొప్పి.”

కొలిమక్క కలం మూత పెట్టేసింది. బాబాయి మాత్రం అలవాటు కొద్దీ పక్కనున్న గుట్టలోంచి ఒక ఆడ చెప్పు తీసి, తిరగేసి, వెలుతురుకేసి పట్టాడు.

“ఇది చూడు. బ్యాంకులో చేసే ఆవిడది. పోయినసారి మడమ దగ్గర అరిగింది. ఇప్పుడేమో ముందు వేళ్ల దగ్గర. ఏమై ఉంటుందంటావ్?”

“ఏమైంది?”

“అయితే మేడ మీది ఇంట్లోకి మారుండాలి, లేదా డాన్సు నేర్చుకుంటుండాలి. శనివారం వస్తుంది, అడగాలి.”

“అడగక్కర్లేదు” అంది లోపల్నించి పిన్ని. “మేడ మీదికే మారింది. డాన్సు కూడానట.”

“చూశావా!” అని బాబాయి తొడ చరిచాడు. లాటరీ తగిలినా అంత వెలుగు ముఖంలో వచ్చేది కాదు.

“మరి ఆ బటన్ బిగిస్తే ఈ చెప్పు కూడా దాంట్లో పడేస్తావా?”

“ఛ, ఇదెందుకు పడేస్తానే? కొత్తవి వేసుకో దాంట్లో. అరిగినవి నాకు వదిలెయ్.”

తిరుగు బస్సులో కొలిమక్కకు విషయం తెలిసొచ్చింది. ఆవిడ లోకంలో చెయ్యి దాటిపోయిన వస్తువు మళ్లీ మొహం చూపించదు. ఎవరు తొడుక్కున్నారో, ఎక్కడెక్కడ తిరిగారో, కుట్టినవాడికి ఒక్క కబురైనా రాదు. కబురు రాని పనిని మనిషి ఎన్నాళ్లని చేస్తాడు?

సోమవారం పొద్దున్నే ప్రోగ్రామరు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ప్రతి వాక్యం చివరా ఒక క్షణం ఆగుతాడని అతన్ని అందరూ సెమికోలన్ అంటారు. ఆవిడ చెప్పిన కొత్త పద్ధతి చిన్నదే. చెప్పులు అడుగులను బట్టి అరుగుతాయి. అరిగాక, వాటిని కుట్టినవాడి దగ్గరికే తిరిగొస్తాయి. ఎక్కడెక్కడ నడిచాయో రాసిన చీటీ ఒకటి వాటితో వస్తుంది. కుట్టినవాడు బాగుచేసి, తను కూడా ఒక ముక్క రాసి పంపవచ్చు; తొడుక్కున్నవాడు దానికి బదులివ్వవచ్చు. ఈ పనికి ‘వంద చెయ్యి’ వర్తించదు.

“అంతేనా అక్కా?” అన్నాడు సెమికోలన్, ఆగి. “మొసళ్లు లేవా?”

“లేవు.”

పద్ధతి మొదలైన మూడో రోజే ఉపద్రవం వచ్చిపడింది. మేనేజరు గారు ఈసారి పరుగున వచ్చారు.

“ఏంటండీ ఇది? యుద్ధానికి పోయినోడి బూట్లు మెరిసిపోతున్నాయి. సంతలో బావి దగ్గర నిలబడి కబుర్లు చెప్పేవాడి చెప్పులు చిరిగిపోతున్నాయి!”

సెమికోలన్ తెర వైపు చూశాడు, కొలిమక్క వైపు చూశాడు. “యోధులంతా గుర్రాలెక్కి పోతారు సార్. కాలు నేలకి ఆనదు. నిలబడ్డవాళ్లు ఊరికే ఉండరు కదా, బొమ్మ కాళ్లు మారుస్తూ ఉంటుంది. అదీ అడుగు కిందే లెక్కేశాను.”

“సరిచెయ్యడానికి ఎంతసేపు?”

“ఒక్క లైను సార్.”

“చెయ్యి మరి!”

“ఒక్క క్షణం సార్” అంది కొలిమక్క. “ముందు ఈ చీటీలు చదవండి.”

మేనేజరు గారు చిరాగ్గా వంగారు.

‘అయ్యా,’ అని ఒక చెప్పులు కుట్టేవాడు రాశాడు, ‘యుద్ధానికని చెప్పి కుట్టించుకున్నారు. ఈ జత మూడు రోజులుగా బావి గట్టు దాటలేదు.’

‘మీకెందుకండీ? మీరు కుట్టండి చాలు.’

‘కుట్టాను. ఎడమది మరీ అరిగింది. ఎవరి కోసమో ఒంటికాలి మీద ఎదురుచూస్తున్నట్టున్నారు. ఆ ఎర్ర టోపీ మాంత్రికురాలి చెప్పులూ నా దగ్గరికే వస్తాయి. అవీ బావి దగ్గరే అరుగుతున్నాయి.’

‘ఏ వైపు?!’

మేనేజరు గారు కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపారు. సెమికోలన్ తనది జరిపాడు.

“దీనికి కుట్టినవాడు ఏం రాశాడు?” అన్నారాయన.

“ఇంకా రాయలేదు సార్. ఆమె చెప్పులు రేపు వస్తాయి.”

“రేపా?” ఆయన స్వరంలో స్పష్టంగా అసంతృప్తి. “సరే. ఆ లైను ముట్టుకోకండి. అయినా నాలుగు వందల మాట మాత్రం మాటే.”

మిగిలిన రోజులు కొలిమక్క అన్నం తింటూ కూడా ఆ అంకెను చూస్తూనే ఉంది. నూట పది. రెండు వందల నలభై. కొత్త చెప్పులు కుట్టే ఉత్సాహం ఎవరిలోనూ పెద్దగా పెరగలేదు. కానీ పాత చెప్పులు వచ్చాయేమోనని పొద్దున్నే తొంగిచూసేవాళ్లు పెరిగారు. కొందరు యోధులు గుర్రాలు దిగి నడవడం మొదలుపెట్టారు. తమ బూట్లకు కబుర్లు లేవని వాళ్లకు చిన్నతనంగా ఉందట. నెలాఖరుకు రెండు రోజుల ముందు అంకె మూడు వందల డెబ్భై ఒకటి దగ్గర మొరాయించి కూర్చుంది.

“అక్కా, నిమిషాలు లెక్కపెడితే బస్సు తొందరగా రాదు” అన్నాడు సెమికోలన్.

“నువ్వు నోరు మూసుకుని లెక్కపెట్టు.”

ఆఖరి రోజు మధ్యాహ్నం లెక్క తేలింది: నాలుగు వందల తొమ్మిది. మూడో అంతస్తంతా లేచి నిలబడింది. మేనేజరు గారు గొంతు సవరించుకుని, ఇది కంపెనీ చరిత్రలో సువర్ణాధ్యాయమనీ, శ్రమకూ శ్రామికుడికీ మధ్య తెగిన బంధాన్ని ఈ శాఖ తిరిగి కుట్టిందనీ, గుర్రాలు తమ వంతు కోసం ఆగుతాయనీ ప్రకటించారు. చప్పట్లు మోగాయి. జిరాక్స్ మెషిను మీదకెక్కి ఒకరు ఫోటో తీశారు. కొలిమక్క కళ్లు తుడుచుకుని, ఎవరెవరు చేరారో చూద్దామని పేర్ల జాబితా తెరిచింది.

ఆ నాలుగు వందల తొమ్మిది మందిలో పదకొండు మంది, మేనేజరు గారితో కలిపి, ఆ అంతస్తు వాళ్లే.