ఏడో కామిక్

స్కూల్ బుక్స్‌కి అమ్మ బ్రౌన్ పేపర్ అట్టలు వేసి, లేబుల్ మీద పేరు రాసిచ్చేది, గుర్తుందా మీకు? మా అమ్మ నా సూపర్‌హీరో కామిక్స్‌కి కూడా వేసింది. సరస్వతీ పూజలో పెట్టి పసుపు బొట్లు కూడా పెట్టింది. పాత కామిక్స్ దాచుకునేవాళ్ళు చూస్తే ఏడుస్తారు.

నాకప్పుడు ఆరేళ్ళు, చదవడం రాదు. నాన్నే తెలుగులో కథ చెప్పేవాడు. మొత్తం పన్నెండు. ఏడోది షాపులో దొరకలేదన్నాడు.

"హీరో వాళ్ళమ్మకి జబ్బు కదా, ఏమైంది మరి?"

"తగ్గిపోయి ఇంటికొచ్చేసిందిరా."

తర్వాతి కామిక్స్‌లో ఆవిడ ఎక్కడా కనిపించకపోతే, వంటింట్లో ఉందనేవాడు. అప్పుడు మా అమ్మేమో హాస్పిటల్లో ఉంది.

ఇవాళ మేముండే హామిల్టన్‌లో, పాత సామాన్ల షాపులో ఏడోది దొరికింది. బస్టాప్‌లోనే చదివేశా. అందులో వాళ్ళమ్మ చచ్చిపోతుంది.

ఇంటికొచ్చి నాన్నకి చూపించా. ఆయన చేతిలోకి తీసుకోలేదు.

"అప్పుడే కొన్నాన్రా. కార్లో చదివి, షాపు బయట చెత్తబుట్టలో పడేశా. నీకు ఏమని చెప్పేది?"

నాకు ఎదురుగా మాట్లాడటం రాదు, అందుకే ఇక్కడ టైప్ చేస్తున్నా.

అప్పట్లో, అమ్మ హాస్పిటల్లో ఉండగా, ఒక ఆదివారం నాన్న నన్ను అక్కడికి రమ్మన్నాడు. అమ్మ కూడా ఎలాగూ ఇంటికొచ్చేస్తుందిగా అని, నేను పక్కింటి ఆంటీ వాళ్ళింట్లో ఆడుకుంటూ ఉండిపోయా. సాయంత్రం దాకా అమ్మ నన్నే అడిగిందట. సోమవారానికి అమ్మ లేదు.