బోర్డు మీద ఆదివారం

రియాద్‌లో నర్సుగా చేరిన కొత్తలో కసురుకునే డాక్టర్లను చూసి హడలిపోయేదాన్ని. కానీ నన్ను అందరికంటే ఎక్కువ భయపెట్టింది ఒక నవ్వుమొహం పేషెంటు. ఇంగ్లండులో ఏళ్ల తరబడి డిఫెండరుగా ఫుట్‌బాల్ ఆడి, రిటైరయ్యాక ఇక్కడి పిల్లలకు ఆట నేర్పడానికి వచ్చిన పెద్దమనిషి. మైదానంలో జారిపడి తలకు దెబ్బ తగిలితే మా వార్డులో చేర్చారు. మొదటి స్కాన్‌లో ఏమీ కనబడలేదు.

బీపీ చూస్తుంటే కబుర్లు చెప్పేవాడు. గోలు కొట్టినవాడికి దండలు, అడ్డుకున్నవాడికి కుట్లు అంటూ నుదుటి మీది మచ్చలు చూపించేవాడు. తలలు ఢీకొని పడిపోతే జట్టు ఫిజియో పరిగెత్తుకొచ్చి, మతి సరిగ్గా ఉందో లేదో చూడటానికి స్కోరెంత అని అడిగేవాడట.

"లేస్తూనే స్కోరుబోర్డు వంక చూసేసేవాణ్ణి సిస్టర్. నన్నెప్పుడూ బయటికి పంపలేకపోయారు," అని పడీపడీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

మర్నాడు డాక్టరు వచ్చి, ప్రశ్నలకు సరిగ్గా జవాబిస్తే ఇంటికి పంపేయమన్నాడు. నేనే అడిగాను. ఇది ఏ ఊరు? రియాద్. నేనెవరు? నా పేరు చెప్పాడు. ఇవాళ ఏ వారం? ఆదివారం. బట్టలు మార్చుకోమని చెప్పి కాగితాలు సిద్ధం చేస్తుంటే కిటికీలోంచి మసీదు ప్రసంగం వినబడింది. జుమ్మా. అంటే ఇవాళ శుక్రవారం!

తప్పు నాదే. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మేం కోస్తా క్రైస్తవ అమ్మాయిలం ఆదివారం ప్రార్థన ఆ పొద్దునే హాస్టల్ గదిలో చేసుకుంటాం. పాట ఇంకా నోట్లో ఉండగానే డ్యూటీకొచ్చి, మంచానికి ఎదురుగా ఉన్న బోర్డు మీద ఊరు, నా పేరు, వారం రాశాను. ఆదివారమని రాసేశాను. ఆయన చెప్పినవన్నీ అక్కడ ఉన్నవే.

సీనియర్ సిస్టర్‌ది మా నరసాపురం వైపే. ఆవిడ దగ్గరికి పరిగెత్తాను.

"అక్కా, ఆయన బోర్డు చూసి చదివేస్తున్నాడక్కా!"

"నువ్వుండవే. డాక్టరు ఖలాస్, పంపేయ్ అనేశాక మధ్యలో మనకెందుకే? కింద ఆయన కోసం కారు కూడా వచ్చేసింది."

ఆయన ఫ్లాట్‌లో ఒక్కడే ఉంటాడు. వెళ్లి పడుకుని ఇక లేవకపోతే? వెనక్కి వెళ్లి బోర్డు తుడిచేశాను.

"ఇప్పుడు చెప్పండి సార్. ఇవాళ ఏ వారం?"

ఆయన కళ్లు ఖాళీ బోర్డంతా వెతికాయి. ఫోను వైపు చెయ్యి చాపితే పక్కకు జరిపాను. నవ్వు పోయింది.

"నేను బాగానే ఉన్నాను. ఆడగలను," అంటూ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "స్కోరెంత సిస్టర్?"

డాక్టరును కేకేస్తూ పరిగెత్తాను. మళ్లీ స్కాన్ తీస్తే తల లోపల రక్తం చేరుతోంది. అప్పటికప్పుడు ఆపరేషన్‌కు తీసుకెళ్లారు.

బతికాడు. మాట వచ్చిన రోజు మళ్లీ వారం అడిగాను. బోర్డు మీద ఏమీ రాయలేదు. ఆయన కూడా ఎటూ చూడలేదు.

"తెలీదు సిస్టర్. భయంగా ఉంది," అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. నాకూ భయంగానే ఉందని చెప్పి పక్కన కూర్చున్నాను.