వాసన పోయినంక కొన్న కాంటా

జనగామల స్టేషన్ రోడ్డు మీద నాకొక చిన్న కాఫీ దుకాణం ఉన్నది. నాలుగు బల్లలు, ఒక గ్రైండర్, ఒక ఎస్ప్రెస్సో మెషీన్. మెషీన్ కొత్తది కాదు. హైదరాబాద్‌ల ఎవరో దుకాణం ఎత్తేస్తుంటే పోయి తెచ్చుకున్నం. మా ఆయన చెల్పూర్ కరెంటు ప్లాంటుల పనిచేస్తడు. భూపాలపల్లిల కిరాయి గదిల ఉంటడు, సెలవు దొరికినప్పుడు ఇంటికొస్తడు. దుకాణం మొత్తం నా మీదనే. నాతోని పనిచేసే ఆమె తరిగొప్పుల అవతల ఒక తండా నుంచి పొద్దున్నే ఆటోల వస్తది. నేను ఆమెను చెల్లె అంట, ఆమె నన్ను అక్కా అంటది. వాళ్లమ్మతోని ఫోన్ల లంబాడీల మాట్లాడుతుంటే నాకు ఒక్క ముక్క అర్థం కాదు గాని, వింటుంటే బాగుంటది.

పోయిన వానకాలం బస్టాండు మలుపుల స్కూటీ జారి పడ్డ. తలకాయ ఎనక భాగం డివైడరుకు తగిలింది. కుట్లు పడ్డయి. దవాఖానల ఒక రాత్రి ఉంచుకొని పంపిన్రు. చేతులు బాగున్నయి, కాళ్లు బాగున్నయి, మాట బాగున్నది. అందరు అదృష్టం అన్నరు. నేనూ అట్లనే అనుకున్న.

మళ్ల దుకాణం తెరిచిన రోజు కాఫీ గింజల కొత్త సంచి కత్తిరించిన. నాకు ఒక అలవాటున్నది. సంచి తెరవంగనే ముఖం లోపల పెట్టి గట్టిగ ఊపిరి పీలుస్త. ఆ రోజు ఏమీ రాలేదు. ఇంకోసారి పీల్చిన. గాలి వచ్చింది, గంతే. పాత సరుకు పంపిన్రని గింజలు పంపినాయన మీద ఫోన్ల గట్టిగనే లేచిన. ఆయన "అమ్మా, మొన్ననే వేయించినం" అని ఒట్లు పెట్టుకుంట మొత్తుకున్నడు. ఫోన్ పెట్టేసి చేతులు కడుక్కుంటుంటే సబ్బు వాసన కూడ లేదని తెలిసింది. ఇంటికి పోయి పోపు ఏసిన. ఆవాలు చిటపట చిట్లుతున్నయి, కరివేపాకు వేగుతున్నది. సినిమాల చూస్తున్నట్టు ఉన్నది.

హన్మకొండ డాక్టరు టార్చిలైటుతోని ముక్కుల చూసి, తల ఫొటోలు చూసి చెప్పిండు.

"ముక్కు నుంచి మెదడుకు పోయే నరాలు దారాల కంటె సన్నగుంటయి. దెబ్బకు తెగినట్టున్నయి. కొందరికి మళ్ల వస్తది, కొందరికి రాదు."

"నాకు?"

"చూద్దాం అమ్మా."

బయటికొచ్చి బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్న. ఏడుపు వస్తదేమో అని చూసిన. రాలేదు. ఆలోచన కూడ ఏం రాలేదు. ఘన్‌పూర్ దాటినంక టికెట్ చేతుల నలిగి ఉండ అయింది. అది కింద పడేసిన.

అటెంక రోజులు గట్లనే నడిచినయి. కూర తింటే ఉప్పు తెలిసేది, కారం మండేది, పులుపు తెలిసేది. కాని వంకాయకు బెండకాయకు తేడా తెల్వకపోయేది. చుట్టాలు ఫోన్ చేసి "కాలు చెయ్యి మంచిగున్నయి గద, ఇంకేంది" అన్నరు. అవునని అన్న. ఒకరోజు వెనక అర్రల పాలు పొయ్యి మీద పెట్టి ముందటికొచ్చి లెక్క చూసుకుంటున్న. చెల్లె బయట బల్లలు తుడిచి లోపలికి వచ్చి ఒక్కసారే అరిచింది.

"అక్కా! గింత మాడు వాసనొస్తుంటే ఎట్ల కూసున్నవ్?"

పాలు ఇగిరిపోయి గిన్నె అడుగు నల్లగయింది. అర్ర నిండ పొగ. నేను మూడడుగుల దూరంల ఉన్న. చెల్లె తలుపులు కిటికీలు తీసి, నా ముఖం చూసింది. గిన్నె పట్టుకపోయి బయట నల్లా కాడ తోముకుంట కూర్చున్నది. ఆ రోజు నుంచి పొయ్యి నన్ను ముట్టుకోనియ్యలేదు.

అసలు పరేషాన్ కాఫీతోని వచ్చింది. నేను ఎన్నడు తూకం ఏసి చెయ్యలేదు. గ్రైండర్ల పొడి పడుతుంటే వాసన ఒక తీరుగ మారుతది, అప్పుడు ఆపుత. పిడి ఉన్న గిన్నెల పొడి నింపి వేలుతోని సాపు చేసి మెషీనుకు బిగిస్త. కాఫీ ధార దిగుతుంటే దాని వాసన మీద, రంగు మీద చూసుకొని ఆపుత. ఇప్పుడు రంగు ఒక్కటే మిగిలింది, అది సాల్తలేదు. ఒక కప్పు నీళ్లలెక్క, ఒక కప్పు కషాయంలెక్క అయితున్నది. రోజూ సాయంత్రం వచ్చే రిటైరైన సారు ఒకాయన ఉన్నడు, పేపరు చదువుకుంట ఒక్క ఎస్ప్రెస్సో తాగి పోతడు. ఆయన సగం కప్పు ఇడిసిపెట్టి లేచిండు. మర్నాడు కూడ ఇడిసిపెట్టిండు. మూడో రోజు రాలేదు.

రాత్రి ఫోన్ల మా ఆయనకు చెప్పిన. ఆయనకు కాఫీ గురించి పెద్దగ తెల్వదు. అయినా అన్నడు.

"మా ప్లాంటుల బాయిలరుల తలకాయ పెట్టి ఎవ్వరు చూడరు. మీటరు చూస్తరు. నువ్వు కూడ తూకం చూసుకో."

"కాఫీ బాయిలరా?"

"కాదు. కాని నీకు ఇప్పుడు మీటరు కావాలె."

ఆయన మాటకు కోపం రావాలె. రాలేదు. తెల్లారి పోయి స్టీలు సామాన్ల దుకాణంల వంటింటి కాంటా ఒకటి తెచ్చిన. తెల్లటి పళ్లెం, కింద రెండు సెల్లులు. అది గ్రాము గ్రాముకే ఎగురుతది, నడుమ ఏముందో చెప్పదు. ఎస్ప్రెస్సోకు పొడి అర గ్రాము ఎక్కువైనా తేడా వస్తదని దాన్ని వాడినంకనే తెలిసింది. ఇంకొక తిప్పలేందంటే, కప్పు పెట్టి ధార వదిలిన జరసేపటికి దానంతటదే బంద్ అయితది, సెల్లులు కాపాడుకునేటందుకు.

"దీనికి సోయి తప్పిందక్కా," అన్నది చెల్లె.

ఆమె నవ్వింది. నేను కూడ నవ్విన, నవ్వాలె కాబట్టి.

ఆ ఆదివారం పొద్దుగాల రైలుకు మానుకోట పోయిన. మహబూబాబాద్ అని బోర్డుల మీద ఉంటది గాని మా నోట్లె మానుకోటనే. మా బాపుకు అక్కడ మార్కెట్ల కిరాణ దుకాణం. పుట్టిన కాడ నుంచి నేను పెరిగింది ఆ బస్తాల నడుమనే. గార్ల దిక్కు నుంచి వచ్చే మిరపకాయ బస్తా విప్పితే దుకాణంల ఉన్నోళ్లందరు తుమ్ముతరు. ఆ రోజు కూడ విప్పిన్రు. హమాలీలు తుమ్మిన్రు, బాపు తుమ్మిండు. నాకు కండ్లు మండి నీళ్లు కారినయి, అంతే.

కాంటా కావాలంటే బాపు ముందు తన దుకాణం కాంటా చూపిచ్చిండు. అది బస్తాలకు, కిలోలకు. తర్వాత పక్క గల్లీల బంగారం దుకాణమాయన దోస్తు, ఆయన కాడ నుంచి అరచేయంత కాంటా ఒకటి పట్టుకొచ్చిండు. గ్రాముల నూరోవంతు కూడ చూపెడుతది. బాపు దాని మీద ఒక్క యాలక్కాయ పెట్టి చూపిచ్చి మురిసిండు.

"గింతకంటె మంచి కాంటా దొరకది బిడ్డా. యాలక్కాయ పొట్టు కూడ తూస్తది."

దాని మీద కప్పు పెట్టిన. కప్పు కింద అంకెలు మొత్తం దాసుకపోయినయి. వంగి చూసినా కనపడలేదు. కప్పు జర పక్కకు జరిపి చూస్తే, అది మోసే బరువు దాటిపోయి అంకెల జాగల ఉత్త గీతలున్నయి. బాపు ముఖం చిన్నగ అయింది. "పొడికన్న పనికొస్తదిలే, తీస్కపో" అన్నడు. తీసుకున్న.

మధ్యాహ్నం గిరాకీ తగ్గినంక బాపు షట్టరు సగం దించిండు. నన్ను గల్లా పక్కన కూర్చోబెట్టుకున్నడు.

"కండ్లు మూసుకో."

"ఎందుకు బాపు?"

"మూసుకో అంటే మూసుకో. డాక్టర్లకేం ఎరుక."

మూసుకున్న. ఆయన లేచి అర మీద నుంచి ఏదో డబ్బా తీసిన చప్పుడు వినపడ్డది. దగ్గరికి వచ్చిండు. అది ఇంగువ డబ్బా అని నాకు చూడకుండనే తెలుసు. చిన్నప్పుడు దాని మూత తీస్తే నేను ముక్కు మూసుకొని బయటికి ఉరికేదాన్ని. బాపు చెయ్యి నా ముఖం ముందర ఉన్నదని వేడికి తెలుస్తున్నది. ఆయన ఊపిరి బిగబట్టుకొని ఉన్నడు.

"వస్తున్నది బాపు," అన్న. "జరంత వస్తున్నది."

కండ్లు తెరిచిన. డబ్బా ఒక చేతుల, మూత మీద ఇంకో చెయ్యి. మూత ఇంకా తియ్యలేదు. గట్టిగ బిగుసుకున్నట్టుంది, తిప్పుతనే ఉన్నడు. తిప్పుడు ఆపి నా దిక్కు చూసిండు. నేను నేల చూసిన. బాపు డబ్బా మళ్ల అర మీద పెట్టి, షట్టరు పైకి లేపిండు. ఎండ లోపలికి వచ్చింది. "రైలు యాళ్లయితున్నది, తిని పో" అన్నడు.

తిరుగు రైలుల సీటు దొరకలేదు. తలుపు కాడ నిలబడ్డ. బాపు ఆ మూత మీద పెట్టిన చెయ్యి కండ్ల ముందట ఉన్నది. దాని గురించి నాకేం అనిపిస్తున్నదో పట్టుకుందామని చూసిన. కాజీపేట దాక చూసిన. దొరకలేదు.

మా ఆయన సెలవు మీద వచ్చినప్పుడు ఇగ నిజంగ కాఫీ కోసమే చేసిన కాంటా తెప్పిద్దామని కూర్చున్నం. ఆయన ముందు టేపు తీసుకొని మెషీన్ కాడికి పోయిండు. కప్పు పెట్టే జాలీ ఎంత వెడల్పున్నది, జాలీకి పైన ధార గొట్టానికి ఎంత జాగ ఉన్నది కొలిచిండు. నాకు ఆ ఆలోచనే రాలేదు. కాంటా మందంగ ఉంటే దాని మీద కప్పు పట్టదు. ఫోన్ల బొమ్మలు చూసుకుంట ఒక్కోటి పక్కన పెట్టినం. ఒకటి మస్తు వెడల్పు. ఇంకోటి నీళ్లు పడితే ఖరాబయితదని వాడినోళ్లు రాసిన్రు. ఒకటి ఫోనుతోని కలిసి, కాఫీ ఎట్ల దిగుతున్నదో గ్రాఫు గీతలు గీసి చూపెడుతది. ఆయనకు అది మస్తు నచ్చింది.

"ప్లాంటుల గిట్లనే వస్తయి గీతలు," అన్నడు.

"నాకు గీతలు వద్దు. పొడి ఎంత, కాఫీ ఎంత, ఎంతసేపు. ఈ మూడు చెప్తే చాలు."

చివరికి సన్నటి నల్లటిది ఒకటి చూసినం. గ్రాముల పదోవంతు చూపెడుతది. గడియారం అండ్లనే ఉన్నది, ధార మొదలు కాంగనే అదే నడుస్తది. పైన వేడికి రబ్బరు పట్టీ. ఫోన్ ఛార్జరుతోనే ఛార్జింగు. అడగకుండ బంద్ కాదు. అదే తెప్పిచ్చుకున్నం.

వచ్చిన రోజు ఆయనే ముందుగ పరీక్ష పెట్టిండు. చెంచతోని కప్పుల నీళ్లు ఒక్కో చుక్క ఏసిండు. స్టీలు దుకాణం కాంటా మీద ఎన్ని చుక్కలు పడ్డా అంకె కదలలేదు, తర్వాత ఒక్కసారే దునికింది. కొత్తది చుక్క చుక్కకు మెల్లగ కదిలింది. బాపు ఇచ్చిన బంగారం కాంటా మీద తూచిన పొడే దీని మీద కూడ తూచినం. రెండు ఒక్కటే చెప్పినయి. ఆయన తల ఊపిండు, ప్లాంటుల ఏదన్న సరిగ నడిస్తే ఊపినట్టు.

అంకెలు కుదుర్చుకునుడు ఇంకో తిప్పల. రుచి చూసేటోళ్లు ఆయన, చెల్లె. ఇద్దరికి మాటలు తక్కువ.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది."

"మంచిగ అంటే ఏంది? చెప్పున్రి జర."

చెల్లె కండ్లు మూసుకొని ఇంకో గుక్క తాగింది. "ముందు పుల్లగ తగులుతున్నది అక్కా, ఎనకకు ఏం లేదు. తొందరగ పోతున్నది."

పులుపు, చేదు నా నాలుకకు కూడ తెలుస్తనే ఉన్నయి. ఆ రెండింటిని నేను పట్టుకున్న, మిగిలింది వాళ్ల నోటి నుంచి విన్న. గ్రైండరు ఇంకొంచెం సన్నగ తిప్పిన. మళ్ల తూచిన, మళ్ల ధార వదిలిన. మధ్యాహ్నం దాక ఇదే పని. ఆఖరికి ఒక కప్పు తాగి చెల్లె మొత్తం ఖాళీ చేసి కప్పు కిందపెట్టింది. పద్దెనిమిది గ్రాముల పొడికి ముప్పై ఆరు గ్రాముల కాఫీ. అదే పట్టుకున్నం.

సారును చెల్లెనే రోడ్డు మీద ఆపి పిలుచుకొచ్చింది. ఆయన పేపరు చదువుకుంట మొత్తం తాగిండు. లేచి పోయేటప్పుడు "మెషీను బాగుచేయించినవా అమ్మా?" అని అడిగిండు. అవును సార్ అన్న. ఆయన పోయినంక బల్ల తుడిచిన. సంబురం కావాల్సింది. బట్ట పిండి ఆరేసిన.

చలికాలంల ఒకసారి భూపాలపల్లి పోయిన. ఆయన గదిల మెషీన్ లేదు. కాగితం ఏసి మీద నుంచి వేడినీళ్లు పోసే గాజు గిన్నె, కాంటా సంచిల పెట్టుకపోయిన. పొద్దున ఆయన డ్యూటీ దిగి వచ్చిండు. ప్లాంటు బూడిద చెప్పుల మీద ఉన్నది. నీళ్లు కాచి, కాంటా మీద గిన్నె పెట్టి, పొడి తూచి, సన్నగ నీళ్లు పోస్తున్న. అప్పుడే ఏదో ముక్కుల గుచ్చినట్టయింది.

"ఏందో కాలుతున్నది," అన్న.

ఆయన దిగ్గున లేచిండు. గ్యాసు చూసిండు, స్విచ్చుబోర్డు మీద చెయ్యి పెట్టి చూసిండు, ఛార్జరు పీకేసిండు, కిటికీల నుంచి బయటికి తొంగి చూసిండు.

"ఏం కాలుతలేదు. ఎట్లున్నది వాసన?"

"రబ్బరు. టైరు కాలినట్టు."

ఆయన ఆగిండు. నేను కూడ ఆగిన. తర్వాత ఇద్దరం ఒక్కసారే గాజు గిన్నె దిక్కు చూసినం. వంగి దగ్గరగ పీల్చిన. అండ్లకెల్లే వస్తున్నది. కాఫీ నుంచే.

"వాసన వచ్చింది గద!" అని ఆయన నా భుజం పట్టుకున్నడు. ఆయన కండ్లల్ల నీళ్లు. "నీకు వాసన వచ్చింది!"

"ఇది కాఫీ వాసన కాదు," అన్న.

"ఏదైతే ఏంది? వచ్చింది గద."

ఆయన ముఖం చూసుకుంట ఇంక నీళ్లు పోసుడు మరిచిపోయిన. పొడి మధ్యల ఎండిపోయింది. ఆ కాఫీ పారబోసి ఇంకోటి చేసి ఆయనకు ఇచ్చిన. టైరు వాసన భరించుకుంట పక్కనే కూర్చున్న.

నరాలు మళ్ల పుడుతుంటే మొదట్ల గిట్ల తప్పుడు వాసనలు వస్తయని, అది మంచిదేనని డాక్టరు అన్నడు. సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చు. ఇప్పుడు ఉల్లిగడ్డ, వేయించిన ఏదైనా, కాఫీ, అన్ని ఆ ఒక్క వాసనే కొడుతున్నయి. గ్రైండరు తిప్పేటప్పుడు మూతికి బట్ట కట్టుకుంట. గిరాకీలు దుమ్ముకనుకుంటరు. దుకాణం నడుస్తున్నది. కాఫీ మంచిగుంటదని చెప్తరు.