గురునాథం చెక్కిన ముఖం

ముప్పై ఆరేళ్ళు వచ్చేదాకా గురునాథం చేతులతో చేసిన పనులంటూ చెప్పుకోవాలంటే రెండే: అన్నం కలుపుకోవడం, కీబోర్డు కొట్టడం. గోడకి మేకు కొట్టవలసి వచ్చినా కొంప మునిగినట్టు పక్కింటివాణ్ణి కేకేసేవాడు. అలాంటి మనిషి సింగపూరులో, యూ టీ అనే పేటలో, ఏడో అంతస్తు అద్దె ఫ్లాటులో, వంటింటి వెనక బట్టలారేసుకునే చోట బాసింపట్టు వేసుక్కూచుని ఒక కొయ్యదుంగకి ముక్కు చెక్కుతున్నాడంటే, దానికి కారణం కళాతృష్ణ కాదు. అమీర్‌పేట.

అది రెండువేల సంవత్సరం. కంప్యూటరు అన్న మాట తడబడకుండా పలకగలిగిన ప్రతివాడికీ విమానయోగం పట్టిన రోజులు. తణుకులో ఎరువుల గోదాము గుమాస్తాగా ఉన్న గురునాథం హైదరాబాదు వచ్చి, అమీర్‌పేటలో మూడు నెలల్లో జావా నేర్చేసుకుని, బయోడేటా కోసం బాబ్జీ అనే కన్సల్టెన్సీ ఆసామిని ఆశ్రయించాడు. బాబ్జీ కొత్తగా ఏదీ రాసేవాడు కాదు. ఎవరిదో గట్టి బయోడేటా తీసుకుని, పేరూ కాలేజీ మార్చి ఇంకొకరి చేతిలో పెట్టేవాడు. అదీ మొదటి పేజీ వరకే. రెండో పేజీ ఈ భూమ్మీద ఎవడూ చదవడని అతని సిద్ధాంతం. గురునాథానికి దక్కింది పదేళ్ళు హవాయి దీవుల్లో ఉన్న ఒక పెద్దమనిషి అనుభవం. రెండో పేజీ అడుగున ఆ పెద్దమనిషి సరదాలు అలాగే ఉండిపోయాయి: టికీ బొమ్మలు చెక్కడం, ఇంట్లో టికీ బార్ అలంకరించడం.

ఇంటర్వ్యూ ఫోనులో జరిగింది. ఎదురుగా కూర్చున్న బాబ్జీ ముందే హెచ్చరించాడు.

"ఏదడిగినా ముందు యెస్ అనేయండి గురునాథం గారూ. నో అన్న ముక్క మాత్రం నోట్లోంచి రాకూడదు. వెళ్ళాక తీరిగ్గా నేర్చేసుకోవచ్చు."

అవతల మాట్లాడుతున్నది డెరిక్ లిమ్. సింగపూరు సైన్స్ పార్కులో కొత్తగా పుట్టిన ఒక ఇంటర్నెట్ కంపెనీకి డైరెక్టరు. హొనొలులులో చదువుకున్న మనిషి. ఖర్మ కొద్దీ అతను రెండో పేజీయే ముందు చదివాడు.

"నువ్వు టికీ చేస్తావా?" అని డెరిక్ ఉత్సాహంగా అడిగాడు.

అదేదో కొత్త సాఫ్ట్‌వేరు అనుకున్నాడు గురునాథం.

"యెస్ సార్. టూ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్."

ఉద్యోగం వచ్చేసింది. జావా గురించి డెరిక్ అడిగిన పాపాన పోలేదు.

మొదటిరోజే డెరిక్ చెయ్యి ఊపేస్తూ, "నీ బొమ్మలు ఎప్పుడు చూపిస్తావ్ గురూ?" అన్నాడు. "ఓడలో వస్తున్నాయి సార్" అన్నాడు గురునాథం. బాబ్జీ శిక్షణ అలాంటిది. ఆ సాయంత్రం ఆఫీసు కంప్యూటరులో వెతికితే, పసిఫిక్ దీవులవాళ్ళు తమ దేవతల్నీ పెద్దల్నీ తలుచుకుంటూ చెక్కే కొయ్యముఖం ఒకటి తెరమీద పైనుంచి కిందికి అంగుళం అంగుళమే దిగింది. ముందు నుదురు, తర్వాత గుడ్లురిమే కళ్ళు, ఆ తర్వాత చెవుల దాకా తెరిచిన నోరు. అమెరికావాళ్ళు ఆ ముఖాల చుట్టూ వెదురూ గడ్డీ కట్టి, మధ్యలో కూర్చుని రంగురంగుల మందు తాగుతారట. గురునాథానికి చల్లనీళ్ళు తాగినా తుమ్ములొస్తాయి. అయినా అబద్ధం బయటపడితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే ఆ దేశంలో ఉండనిచ్చే పాసు పోతుంది, పాసు పోతే ఫ్లాటూ, కూతురు ఉదయశ్రీ బడీ, అన్నీ నెల తిరక్కుండా పోతాయి. ఓడ రావడానికి మూడు నెలలకి మించి పట్టదని డెరిక్‌కి తెలుసు.

ఇక చెక్కడం తప్పదు. మొదటి ప్రయత్నం పాత చెక్కపెట్టె బల్ల మీద చేశాడు. ఉలి బల్లలోకి వెళ్ళకుండా బొటనవేల్లోకి వెళ్ళింది. భార్య మంగతాయారు పసుపు అద్ది కట్టుకడుతూ, విషయమంతా విని, ముడి గట్టిగా బిగించింది.

"ఇంట్లో పెరుమాళ్ళున్న గోడకి ఎదురుగుండా సారా కొట్టు పెడతారా? మతుండే మాట్లాడుతున్నారా?"

"సారా ఎక్కడే తాయారూ! షర్బత్ పోద్దాం. సీసాలే బార్‌వి."

"కోరలున్న ఆ మొహవేంటి మరి? చిన్నపిల్ల ఝడుసుకోదూ?"

తొమ్మిదేళ్ళ ఉదయశ్రీ, తండ్రి ఆఫీసులో అచ్చేసి తెచ్చిన కాగితమ్మీద బొమ్మ చూసి, "నాట్ స్కేరీ లా డాడీ. జస్ట్ అగ్లీ" అని అక్కడి బడి ఇంగ్లీషులో తీర్పు చెప్పి హోంవర్కు చేసుకోవడానికి వెళ్ళిపోయింది.

దారి చూపినవాడు పెద్దయ్య. శ్రీకాకుళం మనిషి, పుట్టుకతో వడ్రంగి, పర్మిట్ మీద వచ్చి ఓడల మరమ్మతు యార్డులో పని చేస్తున్నాడు. ఒక ఆదివారం మనవాళ్ళ కొట్లుండే సెరంగూన్ రోడ్డులో కూరగాయల దగ్గర పరిచయమైతే, గురునాథం సిగ్గు విడిచి వేలు చూపించాడు. మరుసటి ఆదివారం పెద్దయ్య ఓడల కింద ఊతంగా పెట్టి పారేసిన దుంగ ముక్కలు రెండు అడిగి పుచ్చుకుని, గోనెలో వేసి రైల్లో మోసుకొచ్చాడు.

"బావూ, తమరు ఉలి ఎదురు తిప్పి కొడతన్నారు. కొయ్యకి నారుంటాది. దాని దారినే ఎల్లాల. మన కోపం దానిమీద సూపిస్తే సీలిపోద్ది."

వారం వారం వచ్చి నేర్పాడు. ఉలి నూరడం, దుంగ కింద బొంత పరిచి చప్పుడు తగ్గించడం, ముందు ముక్కు పొడుగు వదిలి తర్వాత తగ్గించుకోవడం. గురునాథం మాత్రం మిగతా తెలుగు కుటుంబాలు భోజనానికి వచ్చేలోగా పెద్దయ్యకి కాఫీ ఇచ్చి సాగనంపేసేవాడు. ఆ వచ్చేవాళ్ళంతా కంపెనీ వాటాల గురించి మాట్లాడుకునే పెద్దలు. వాళ్ళ మధ్య యార్డు మనిషి కూర్చుంటే సోఫా అరిగిపోతుందని భయం కాబోలు. ఈ ఒక్క విషయంలో గురునాథాన్ని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు.

మూడు నెలలకి బార్ తయారైంది. వెదురు చాపలు గోడకి ఎక్కాయి. పైన గడ్డి చూరు కావాలి గనక, జురాంగ్ వెస్ట్‌లో ఒక కొట్టువాడి దగ్గరున్న కొండచీపుళ్ళన్నీ కొని, విప్పి, వరసగా కట్టాడు. చీపుళ్ళు నెత్తిమీద కట్టుకునే కొంపని ఇదే చూడ్డమని మంగతాయారు మూడు రోజులు ఇల్లు ఊడవలేదు. సీసాల్లో సుగంధి షర్బత్, మజ్జిగ, నిమ్మరసం. బల్లమీద నాలుగు చిన్న ముఖాలు. ఒకదానికి కన్ను జారింది, ఒకదానికి చెవి లేదు, మిగతా రెండూ పంటినొప్పితో ఉన్నట్టుండేవి. వచ్చిన పెద్దలు ఈ పోతురాజులకి జాతరెప్పుడని అడిగి, మజ్జిగ తాగి, వాటాల కబుర్లలో పడేవారు.

డెరిక్ మాత్రం రాలేదు. సోమవారం లిఫ్టులో కనిపించి "వచ్చే నెల తప్పకుండా" అనేవాడు. అలా ఏడాది గడిచింది. ఈలోగా గురునాథానికి జరగకూడనిది జరిగింది: ఆ పని మీద ఇష్టం పుట్టింది. ఆఫీసులో తను రాసే ప్రోగ్రాము ఏ దేశంలో ఏ పెట్టెలో తిరుగుతుందో, అసలు తిరుగుతుందో లేదో అతనికి తెలీదు. సాయంత్రానికి చేసిన పని చూపించమంటే చూపించడానికి ఏమీ ఉండదు. ఇక్కడ గంటసేపు కూర్చుంటే దుంగకి ఒక కనుబొమ్మ వస్తుంది. చేత్తో తడిమితే తగులుతుంది. డెరిక్ వస్తాడా రాడా అన్న బెంగ పోయి, శనివారం ఎప్పుడొస్తుందా అన్న బెంగ పట్టుకుంది. పెద్దయ్య తర్వాత తెచ్చిన రెండు పెద్ద దుంగల్లో ఒకదాని మీద ఎనిమిది నెలలు కూర్చున్నాడు. రెండున్నర అడుగుల ముఖం. చిట్లించిన కళ్ళు, ఎగదీసిన కనుబొమ్మలు, ఇంటికప్పు ఎగిరేలా తెరిచిన నోరు. అది పూర్తయిన రోజు పెద్దయ్య దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇది మాట్టాడతాది బావూ" అన్నాడు. జీతం పెరిగిన రోజు కూడా గురునాథానికి అంత ఆనందం కలగలేదు.

సరిగ్గా అప్పుడే ఇంటర్నెట్ కంపెనీల బుడగ పేలిన దెబ్బ అక్కడికీ తగిలింది. సైన్స్ పార్కులో వారానికొక కంపెనీ బోర్డు దిగుతోంది. తమ కంపెనీలో నలభైమందిని తీసేస్తారని, ఆ జాబితా రాసేది డెరిక్కేనని అందరికీ తెలిసింది. శుక్రవారం డెరిక్ గురునాథం కుర్చీ దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

"రేపు మధ్యాహ్నం మీ ఇంటికి వస్తున్నా గురూ. బార్ చూడాలి."

ఆ రాత్రి భార్యాభర్తలు కూర్చుని లెక్కలు వేసుకున్నారు. ఆయన్ని మెప్పిస్తే గట్టెక్కినట్టే అనుకున్నారు. మంగతాయారు పొద్దున్నే లేచి మినప్పప్పు రుబ్బింది. తిట్టుకుంటూనే గడ్డి చూరు దులిపింది.

డెరిక్ చెప్పిన వేళకే వచ్చాడు. చెప్పులు విప్పి, హాల్లోకి అడుగుపెట్టి, నిలబడిపోయాడు. సుగంధి షర్బత్ రెండు గ్లాసులు తాగి, ఇందులో ఏ రమ్ము పోశావని అడిగాడు. గారెలు అయిదు తిన్నాడు. చిన్నబొమ్మల్ని ఎత్తి చూసి మర్యాదగా దింపేశాడు. పెద్దముఖం దగ్గరికి వచ్చి గ్లాసు కింద పెట్టాడు. పళ్ళ వరసని వేలితో తడిమాడు. ఆ తడమడం చూసి గురునాథం గుండె పొంగింది. తన పనిని పనిగా చూసిన రెండో మనిషి అతనే.

"ఇది నేను తీసుకెళ్తున్నా. మా ఇంట్లో బార్‌కి ఇలాంటిదే కావాలి" అన్నాడు డెరిక్, అడుగుతున్నట్టు కాకుండా. ఆ వెనకే, "సోమవారం ఆ జాబితా పనొకటి ఉంది. తలనొప్పి" అన్నాడు.

సోఫాలో పుస్తకం చదువుకుంటున్న ఉదయశ్రీ తలెత్తింది.

"కెనాట్ లా అంకుల్. దట్ వన్ ఈజ్ మై మమ్మీ."

అందరూ దుంగని చూశారు. తర్వాత, గారెల పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ మంగతాయారుని చూశారు. ఆ చిట్లించిన కళ్ళు, ఎగదీసిన కనుబొమ్మలు, ఆ నోరు. కూరగాయలకి వెళ్తే చేపల కొట్టు నీళ్ళు చీరమీద పడిన రోజూ, గడ్డి చూరు కట్టిన రోజూ అచ్చం అలాగే ఉంది ఆవిడ. ఎనిమిది నెలలు చెక్కినవాడికే ఆ సంగతి తెలీదు.

మంగతాయారు పళ్ళెం బల్లమీద పెట్టి, దుంగని దగ్గరగా చూసింది. తర్వాత డెరిక్‌కి అర్థం కాకుండా తెలుగులో, గొంతు తగ్గించి అంది.

"ఇచ్చేయండి. నా మొహం ఎవరింట్లో ఉంటే ఏంటి, ముందు ఉద్యోగం చూసుకోండి."

ఆవిడ గొంతు అంత తగ్గడం గురునాథం పదకొండేళ్ళ కాపురంలో వినలేదు. డెరిక్ అప్పటికే దుంగ చుట్టూ చేతులు వేసి బరువు చూస్తున్నాడు.

"నో సార్" అన్నాడు గురునాథం.

డెరిక్ నవ్వాడు, వేళాకోళమనుకుని.

"నో సార్. ఇది ఇవ్వను. మిగతావాటిలో ఏదైనా తీసుకోండి."

సింగపూరులో దిగాక ఆ మాట అనడం అదే మొదలు. డెరిక్ దుంగ వదిలేశాడు. చెవి లేని చిన్నబొమ్మని సంచిలో వేసుకుని, ఇంకో గారె నోట్లో వేసుకుని, ముభావంగా వెళ్ళిపోయాడు. ఆ శనివారమూ ఆదివారమూ మొగుడూ పెళ్ళాం దుంగవైపు చూడలేదు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సోమవారం పదిగంటలకి నలభై కవర్లు పంచారు. గురునాథం కవరు పైనుంచి మూడోది. రైల్లో కూర్చుని ఉత్తరం చదివాడు. నెలరోజులు గడువు, ఆ తర్వాత పాసు రద్దు. తను కాదన్నందుకే ఇలా అయిందని, ఒక దుంగ కోసం పిల్ల చదువు కూల్చేశానని లోపల కుమిలిపోతూ, రెండోసారి చదివితే పైన తేదీ కనిపించింది. గురువారం. అంటే ఆ మనిషి ఇతని ఉద్యోగం గురువారమే తీసేసి, సంతకం కూడా పెట్టి, శనివారం తీరిగ్గా ఇంటికొచ్చి, గారెలు తిని, లేని ఉద్యోగాన్ని ఆశపెట్టి దుంగ కొట్టేయబోయాడు. గురునాథానికి ఒళ్ళు మండింది. ఆ మంట మీదే ఎందుకో తేలికగా కూడా అనిపించింది. యూ టీ స్టేషను దాటిపోయి, మళ్ళీ వెనక్కి రావలసి వచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి తలుపు తీసిన మంగతాయారు అతని చేతిలోని కవరు వైపు చూసింది. ఉత్తరం చేతిలో పెడితే కూడబలుక్కుంటూ చదివింది. అతను తేదీ మీద వేలు పెట్టి చూపించాడు. ఆవిడ ఆ తేదీని చూసి, హాల్లోకి వెళ్ళి, దుంగ ఎదురుగా నడుంమీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఇక మొదలవుతుందని గురునాథం తలొంచుకుని సిద్ధంగా ఉన్నాడు. బాబ్జీ దగ్గర్నుంచి చీపుళ్ళ దాకా అన్నీ వస్తాయి. రావాలి కూడా.

మంగతాయారు కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడాదిగా తాకను కూడా తాకని బార్ స్టూలుని కిటికీ వెలుతురులోకి లాక్కుని, దాని మీద కూర్చుంది.

"నెలరోజులు గడువుంది కదా. ఇంకో దుంగ ఉందా?"

"ఒకటుంది. ఎందుకు?"

"ఈసారి నన్ను చూస్తూ చెక్కండి. తలుచుకుని చెక్కితే మీకు నా నోరొక్కటే కనిపిస్తోంది."