ఏడవకుండా అడిగిన చందా

నా చిన్నప్పుడు, అసహ్యమంటే మురిక్కాలువ దగ్గరో కుళ్ళిన కూరగాయల దగ్గరో కలిగేదనుకునేదాన్ని. ఇస్త్రీ చొక్కా వేసుకుని మర్యాదగా మాట్లాడే మనిషిని చూసినా కలుగుతుందని యూనివర్సిటీ ఆడిటోరియం వెనకగదిలో తెలిసింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో.

మేము తార్నాకలో ఉండేవాళ్ళం. నాన్నకు యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం. మా మేనత్త మాతోనే ఉంటూ కాలేజీలో పాఠాలు చెప్పేది. కడప వదిలి ఎన్నేళ్ళయినా ఆమె మాట మారలేదు. మహారాష్ట్ర సరిహద్దులో భూకంపం వచ్చి అప్పటికి ఏడాది దాటింది. మొదట్లో మా వీధిలో అందరూ ఇచ్చారు. బియ్యం, దుప్పట్లు, వాటితోపాటు ఎలాగూ పారేయాల్సిన పాతబట్టలు. పేపర్లో ఫొటోలు ఆగిపోయాక ఇవ్వడమూ ఆగిపోయింది. అక్కడి జనం మాత్రం ఇంకా రేకుల షెడ్లలోనే ఉన్నారు. ఒక ఊళ్ళో సగంలో ఆగిన ఇళ్ళు పూర్తి చేయించడానికి ఒక సహాయ సంఘం క్యాంపస్‌లో సభ పెట్టింది. ఆ సభ పనుల్లో ఉన్న అత్తయ్య నన్నూ వెంట తీసుకెళ్ళింది.

సభలో మాట్లాడటానికి ఆ ఊరి నుంచి ఒకామెను పిలిపించారు. పుట్టిల్లు జహీరాబాద్ వైపు కావడంతో ఆమె మాట తెలుగే. భర్త, పెద్దకూతురు భూకంపంలో పోయారు. చిన్నకూతురితో, ముసలి అత్తతో షెడ్డులో ఉంటోంది. వానలలోపు కొత్త ఇంటికి కప్పు పడకపోతే, దగ్గుతో మంచం పట్టిన ఆ ముసలామె ఇంకో వానాకాలం రేకుల కిందే గడపాలి. అది అడగడానికే ఆమె బస్సెక్కి వచ్చింది.

సభకు ముందు, అత్తయ్యా నేనూ ఉన్న వెనకగదిలో, సంఘం కార్యదర్శి ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఏందమ్మా, పెండ్లికొచ్చినట్టు వచ్చినవ్? గిట్ల పోతే ఎవరిస్తరు పైసలు?"

"నలుగుర్ల నిలబడాలె గద సారూ. ఉన్నదాంట్ల మంచిది కట్టుకున్న."

గది మూలన, ఎవరూ పంపకుండా వదిలేసిన పాతబట్టల మూట ఉంది. అందులోంచి ఒక చీర లాగాడు. మోకాళ్ళ దగ్గర చిరిగి, ముక్కిపోయిన వాసన వస్తోంది. అది కట్టుకుని, జుట్టు చెదరగొట్టుకుని, స్టేజీ మీద కాసేపు ఏడిస్తే చాలన్నాడు. కోపంగా ఏమీ కాదు. హోటల్లో కాఫీ చెప్పినట్టు చెప్పాడు.

ఆమె చీర ముట్టుకోలేదు. "ఏడ్సుడు అయిపోయింది సారూ. ఇప్పుడు ఇల్లు గావాలె."

అప్పుడాయన కళ్ళు నా మీద పడ్డాయి. "పోనీ మేడం, ఈ పాపను పంపుదాం. తల్లీతండ్రీ పోయిన పిల్ల అని చెప్తే సరిపోతది. ఎవరికి తెలుస్తది?" అంటూ నా గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి చూశాడు. సంతలో మేకను చూసినట్టు.

అత్తయ్య ఆయన చెయ్యి తోసేసింది. "దీని నాయన బయట ముందు వరసలో కూర్చోనుండాడు. మీరు ముందు పొయ్యి ఆయన్ను చంపి రాపోండి సార్. తర్వాత దీన్ని పంపిద్దాం."

అని, చీర అందుకుని నిలువునా చింపింది. ఊడ్చే ఆమెను పిలిచి, స్టేజీ మీద దుమ్ముంది తుడవమని ఆ ముక్కలు చేతిలో పెట్టింది.

"మీ ఇష్టం మేడం. ఆమె ఏడ్వకుంటే చందా డబ్బాలు ఖాళీగ వాపస్ వస్తయ్," అని ఆయన వెళ్ళిపోయాడు.

దండలు, ఉపన్యాసాలు అయ్యాక ఆమె మైకు దగ్గర నిలబడి గోడలు ఎక్కడిదాకా లేచాయో, ఇంకా ఏమేం కావాలో చెప్పింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. వెనక నుంచి ఒకాయన లేచి, "అమ్మా, ఆ రాత్రి ఎట్ల జరిగిందో జర చెప్పు!" అని అరిచాడు. కొందరు చప్పట్లు కొట్టారు.

"ఆ రాత్రి కూలిన ఇల్లు మట్టిల కలిసింది. నేను కట్టే ఇంటి సంగతి చెప్తున్న. కిటికీల దాక లేసింది. నా మాట ఇంటున్నరా?"

కుర్చీలు జరిగిన చప్పుడు. జనం టిఫిన్ పొట్లాలు తీసుకుని లేచిపోయారు. డబ్బాలు దాదాపు ఖాళీగానే వచ్చాయి. కార్యదర్శి ఆ హాలు గురించి చెప్పింది నిజమే. ఆయన మీద కలిగిన అసహ్యం కొన్నాళ్ళకు తగ్గింది కానీ, ఆ చప్పట్ల మీద కలిగినది తగ్గలేదు. కొట్టినవాళ్ళలో మా వీధివాళ్ళున్నారు, మా స్కూలు టీచరుగారున్నారు.

తర్వాత అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని నెలనెలా తార్నాకలో, విద్యానగర్‌లో తలుపులు తట్టింది. చావుల మాట ఎత్తేది కాదు. "గోడలు అయినాయి. ఇంక కప్పుకు కావల్ల," అనేది. "ఇంకా అయిపోలేదా మీ భూకంపం?" అని నవ్వినవాళ్ళున్నారు. ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. కప్పు వానలలోపు పడలేదు. ముసలామె షెడ్డులోనే పోయింది. కప్పు మరుసటి ఎండాకాలానికి పడింది.

ఆమె ఏడ్చి ఉంటే ముసలామె బతికేదా అని అత్తయ్యను అడిగాను. "బతికేదేమో. ఆ బరువు మనకు ఉండిపోతాది. అయినా ఆ చీర మాత్రం కట్టించను," అంది.

అదే యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మా ఆయన పోయినేడు పోయారు. ఆయన పేరున పేద విద్యార్థులకు నిధి పెడతామని శిష్యులు అదే క్యాంపస్‌లో సభ పెట్టారు. "ఆంటీ, సార్ లాస్ట్ డేస్ గురించి కొంచెం ఎమోషనల్‌గా చెప్పండి, వీడియో బాగొస్తుంది," అన్నాడొకబ్బాయి. మంచివాడే. ఎందరికి హాస్టల్ ఫీజు కట్టాలో, చదువు ముగిసేదాకా ఎవరు కడతారో చెప్పి దిగిపోయాను. చప్పట్లు పెద్దగా రాలేదు. నిధికి తక్కువ పడితే మళ్ళీ వెళ్ళి అడుగుతాను. ఆస్పత్రిలో గడిపిన ఆ రోజులు మాత్రం ఆయనవి, నావి. వాటిని ఇంట్లో ఉంచే బయలుదేరతాను.