రాడ్డు మార్చే సందులో

గత మంగళవారం పొద్దున మా అత్త చనిపోయింది. చేనికి పోయి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. మా ఆయన ఫోన్ చేసేటప్పటికి నేను బెంగళూరులో ఒక కచేరీకి డ్రమ్ములు బిగిస్తున్నాను. "అమ్మ లేదు, రా" అన్నాడు. మా ఊరు తనకల్లు చేరేదాకా బస్సులో నాకు ఏడుపు కూడా రాలేదు. ఒక మధ్యాహ్నం మాత్రం పదేపదే గుర్తొచ్చింది. మీకు చెప్పాలనుకున్నది దాని గురించే.

మా నాయన పెండ్లి బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు. నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పెళ్ళయి వేరుశనగ పండించే ఇంటికి వచ్చేటప్పుడు నా డ్రమ్ములను ట్రాక్టరులో వేసి పంపాడు. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. మా అత్త నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు. "యాడ పెట్టాల?" అని మాత్రం అడిగి, విత్తనాల గది ఖాళీ చేసి ఇచ్చింది.

రికార్డింగుకు నా దగ్గరున్నవి రెండు మైకులు, ఒక పాత ల్యాప్‌టాప్, వాటిని కలిపే చిన్న పెట్టె. రాతి గోడల గది కదా, ఒక దెబ్బ వేస్తే నాలుగు దెబ్బలు తిరిగొచ్చేవి. అత్త ఇంట్లోని బొంతలన్నీ తెచ్చి గోడలకు, కిటికీకి వేలాడదీసింది. కాలితో వాయించే పెద్ద డ్రమ్ములో పాత కంబళి కుక్కింది. మైకు ఎక్కడ పెట్టాలో చెప్పేదీ ఆమే. వేరుశనగ కాయను చెవి దగ్గర ఊపి, ఎండిందో లేదో చెప్పగల మనిషి. నేను వాయిస్తుంటే కళ్ళు మూసుకుని గదంతా తిరిగి ఒకచోట ఆగేది. "ఈడ బాగుండాది. ఆడ రేకు డబ్బా మాదిరి వినపడతాండాది" అనేది. మైకు అక్కడే పెట్టేదాన్ని. వాయింపు నచ్చితే "ఇంగోసారి కొట్టు" అనేది. నచ్చకపోతే "నీళ్ళు తాగు" అనేది. అంతకుమించి ఎప్పుడూ ఏమీ అనలేదు.

రెండేళ్ళ కిందటి ఎండాకాలంలో బెంగళూరు సంగీత దర్శకుడొకాయన నాకొక పాట పంపాడు. మర్నాడు సాయంత్రం ఐదింటికల్లా డ్రమ్ములు వాయించి పంపాలి, లేకుంటే వేరేవాళ్ళను చూసుకుంటానన్నాడు. బయటి నుంచి నాకొచ్చిన మొదటి పని అది. మర్నాడు పొద్దున మైకులు సర్దుకుని కూర్చున్నానో లేదో, పక్కనున్న చీనీ తోటలో, బత్తాయిని మావైపు చీనీ అంటారు, బోరు వేసే బండి మొదలైంది.

ఆ తోటవాళ్ళకు అప్పటికే రెండు బోర్లు ఎండిపోయాయి. చెట్లు ఆకులు ముడుచుకుని నిలబడున్నాయి. మా గోడలు అదురుతున్నాయి. బొంతలను దాటుకుని ఆ మోతే నా మైకుల్లో నిండుతోంది. పన్నెండు దాటింది. "అత్తా, ఒక్క అరగంట ఆపమని అడుగు" అన్నాను.

"నీళ్ళకోసం వేస్తాండే బోరును ఆపమని యా నోటితో అడిగేది?" అంది. కానీ ఊరికే కూర్చోలేదు. మిద్దె ఎక్కి చాలాసేపు చూసి దిగొచ్చింది. "ఒక రాడ్డు దిగినాక ఇంగో రాడ్డు తగిలిస్తాండారు. అంతసేపు మోత ఉండదు. రెండు నిమిషాలు. నీకు చాలునా?"

పాటను ఐదు ముక్కలు చేసుకున్నాను. అత్త ఆ ఎండలో మిద్దె మీద కాళ్ళ కింద తడి గోనెపట్ట వేసుకుని నిలబడింది. మోత ఆగగానే గది కప్పుకున్న గవాక్షి కంతలోంచి "ఆపినారు, కొట్టు!" అని అరిచి, దాని మీద మూత వేసేది. నేను వెంటనే అందుకోవాలి. చెమటకు డ్రమ్ము పుల్లలు జారుతున్నాయి. ఒక్క దెబ్బ తప్పితే మళ్ళీ ఇంకో రాడ్డు దిగేదాకా కూర్చోవాలి. రెండుసార్లు తప్పాను. నాలుగు ముక్కలయ్యేసరికి నాలుగూ పది.

నాలుగున్నరకు మోత ఆగింది. ఈసారి బండి ఇంజను కూడా ఆగిపోయింది. పైనుంచి పిలుపు రాలేదు. ఇక ఆగలేక పుల్లలెత్తాను.

"కొట్టొద్దు" అంటూ అత్త మెట్లు దిగి వచ్చింది. "దుమ్మే. నీళ్ళు పడలా. బండోళ్ళు ఎత్తేస్తాండారు. ఆ తోటాయమ్మ గట్టుమీద కూలబడిండాది. ఇప్పుడు మనింట్లో డ్రమ్ములు మోగితే ఎట్లుంటాది?"

"ఐదవుతాండాది అత్తా!"

"అయితే కానీ."

పొద్దుటి నుంచి కాచుకున్న నిశ్శబ్దం చేతికొచ్చాక వాయించొద్దంటోంది. పుల్లలు నేలకేసి కొట్టాను. "నీకు నాకంటే వాళ్ళే ఎక్కువ" అన్నాను. మిద్దె మీద ఎండకు ఆమె ముఖం నల్లగా మాడిపోయి ఉంది. చెంబులో మజ్జిగ పోసుకుని తోటలోకి వెళ్ళిపోయింది. ఆ మాటకు నేనెప్పుడూ క్షమించమని అడగలేదు. ఆమె దాన్ని మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేదు.

పావుగంటకు తిరిగొచ్చింది, వెంట ఆ తోట ఆవిడ. జుట్టు, కనురెప్పలు, అంతా తెల్లటి రాతి దుమ్ము.

"కొట్టు పాపా" అంది ఆవిడ. "పొద్దన్నించీ మా బండి వల్ల నీ పని ఆగిపోయిందంట. మాది ఎట్లాగూ కాలేదు. నీదన్నా కానీ."

అయిదో ముక్క ఒక్క ఊపులో అయింది. పాట సమయానికి చేరింది. ఆ సంగీత దర్శకుడు మళ్ళీ పిలిచాడు, తర్వాత ఇంకొకరు పిలిచారు. ఆ చీనీ చెట్లు మాత్రం ఆ ఏడాదే ఎండిపోయాయి.

ఆ ముక్క వాయిస్తూ ఒక్కసారి తలెత్తి చూశాను. ఇద్దరూ గోడవారన నేల మీద కూర్చుని ఉన్నారు. మైకులో చప్పుడు పడకుండా గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని, మా అత్త తన కొంగుతో ఆవిడ జుట్టులోని దుమ్మును మెల్లగా తుడుస్తోంది.